స్నానం చేసిన లారీ

మా ఆఫీసు కొండ మీద ఉండేది. కొండ దిగే మలుపులో ఒక టీ బడ్డీ. సాయంత్రం కాగానే నేనూ, నా పక్క కుర్చీలో పనిచేసే మిత్రుడూ కిందికి దిగి అక్కడి చెక్క బల్ల మీద కూర్చునేవాళ్ళం. అతను నన్ను బావా అనేవాడు, నేనూ అతన్ని బావా అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. విశాఖలో రెండు టీలు కలిసి తాగితే చాలు, మగవాళ్ళు బావలైపోతారు. మా విషయంలో మాత్రం ఆ పిలుపు ఉత్తుత్తిది కాదని నేను గట్టిగా నమ్మాను. ఇప్పుడు ఎవరైనా బావా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అతనిది ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. వాళ్ళ నాన్న ఇప్పటికీ వేటకు వెళ్తాడు. మా వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇక్కడే పుట్టి పెరిగినా నా మాటలో అమ్మ యాస మిగిలిపోయింది. టీ కొట్టాయనతో "ఒక టీ ఇవ్వండి" అంటే చాలు, నా మిత్రుడు పగలబడి నవ్వేవాడు.

"ఏటి బావా, టీకి కూడా దణ్ణం ఎట్టాలేటి?"

మా కబుర్లన్నీ పని గురించే. ఇద్దరు మగవాళ్ళు ఇన్నేళ్ళు కూర్చుని సినిమాల గురించి కూడా పెద్దగా మాట్లాడుకోలేదంటే మా ఇళ్ళలో ఎవరూ నమ్మరు. జావా ఇంకెన్నాళ్ళు బతుకుతుంది, హైదరాబాదు పోతే పెరిగేది జీతమా అద్దెనా, నలభై దాటాక కూడా కోడ్ రాసేవాణ్ణి ఎవరైనా ఉంచుకుంటారా, ఇవే. మొబైల్ యాప్‌లు వచ్చినప్పుడు అతను ముందు నేర్చుకుని నాకు చెప్పాడు. క్లౌడ్ వచ్చినప్పుడు నేను నేర్చుకుని అతనికి చెప్పాను. కొత్తది ఏదొచ్చినా ముందు అందుకున్నవాడు రెండోవాడికి చెయ్యి అందించాలి. అలా అని ఎవరమూ ఒట్టు పెట్టుకోలేదు, కానీ అలాగే జరుగుతూ వచ్చింది.

ఒకసారి వాళ్ళ నాన్నకు జ్వరమొచ్చి వేటకు వెళ్ళలేదు. అయినా సాయంత్రానికి ఇంటికి చేపలొచ్చాయట. అదెలా అని అడిగాను.

"మా అయ్య ఎల్లకపోతే ఏటి, వల ఎల్లింది కదా. వల ఎవడిదో ఆడికి వాటా రావాల. మంచాన పడున్నా సరే, గుమ్మం కాడికి తెచ్చి ఇచ్చెల్తారు. అది ఇవ్వనోడ్ని మా పేటలో మనిషి కింద లెక్కెట్టరు బావా."

ఆ మాట అతను చాలా గర్వంగా చెప్పాడు. నాకూ ముచ్చటేసింది. ఆఫీసుల్లో అలాంటి ధర్మం ఏదీ లేదే అనుకున్నాను.

మేం చేసే పని హార్బర్ దగ్గరున్న ఒక ప్రైవేటు బొగ్గు యార్డు కోసం. లారీ ఎప్పుడు లోపలికి రావాలి, కాటా మీద ఎంత తూగింది, ఏ తేదీ చీటీతో గేటు దాటాలి, అన్నీ మా ప్రోగ్రామే చూస్తుంది. అందులో పాత భాగమంతా నేను రాసిందే. బయటివాళ్ళకు అది పిచ్చివాడి రాతలా కనిపిస్తుంది. కానీ ప్రతి వంకర లైను వెనకా ఒక కారణం ఉంది. ఉదాహరణకు, లోడు లారీ లోపల ఒకసారి తూగి, గేటు దగ్గర వరుసలో నిలబడినప్పుడు వాన పడుతుంది. బొగ్గు నీళ్ళు తాగుతుంది. గేటు కాటా మీద బరువు ఎక్కువ చూపిస్తుంది. ప్రోగ్రాము డ్రైవరును దొంగ అంటుంది. అలా ఒక వానాకాలం పాపం ఎందరో డ్రైవర్లు మాటలు పడ్డాక, వాన సమయం చూసుకుని ఆ తేడాను వదిలేసేలా నేను రాశాను. అలాంటి లారీకి 'స్నానం చేసిన లారీ' అని పేరు పెట్టాను. ఆ పేరు కోడ్‌లో లేదు, ఏ కాగితం మీదా లేదు. టీ బల్ల దగ్గర అతనికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

తర్వాత ఏఐ వచ్చింది. మా మేనేజరు అందర్నీ కూర్చోబెట్టి, కంపెనీ కొత్త సాధనం కొన్నదనీ, ఇక కోడ్‌ను అదే చదివి అదే దిద్దుతుందనీ చెప్పాడు. ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదని కూడా అన్నాడు. ఎవరూ అడక్కుండానే ఆ మాట అన్నాడంటే నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

ఆ వారం నుంచి నా మిత్రుడి కబుర్లు మారాయి.

"బావా, ఆ పాత కోడు నాకు సరిగ్గా రాదు. రేపు ఎవుర్నో ఒకర్ని తీసెయ్యాలంటే ముందు నన్నే తీసేత్తారు. కాస్త ఇవరంగా సెప్పవా?"

నాకు జాలేసింది. ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. చెల్లెలు నర్సింగు చదువుతోంది. నాకు తెలిసిందంతా అతనికి తెలిస్తే అతన్ని ఎవరూ కదపలేరనుకుని రోజూ చెప్పాను. గేటు గురించి, కాటా గురించి, చీటీల గురించి. నేను మాట్లాడుతున్నంతసేపూ అతను ఫోను బల్ల మీద బోర్లించి పెట్టేవాడు. మా ఆవిడతో చెప్పాను కూడా: ఈ రోజుల్లో మనిషి మాట్లాడుతుంటే ఫోను పక్కన పెట్టి వినేవాడు వాడొక్కడే అని. ఎంత వెర్రివాణ్ణి!

ఒకరోజు యార్డు వాళ్ళను పిలిచి ఆ సాధనాన్ని చూపించారు. పెద్ద తెర ముందు అందరం కూర్చున్నాం. యార్డు మేనేజరు ఒక ప్రశ్న వేశాడు: వానాకాలంలో మీ ప్రోగ్రాము కొన్ని లారీల బరువు తేడాను ఎందుకు వదిలేస్తుంది? సాధనం క్షణంలో జవాబు రాసింది. వాన, వరుస, బొగ్గు నీళ్ళు తాగడం, డ్రైవర్లు మాటలు పడటం. నేను చెప్పిన వరసలోనే ఉంది. చివర, ఇలాంటి వాటిని స్నానం చేసిన లారీలు అంటారు అని ఇంగ్లీషులో పడింది.

యార్డు వాళ్ళు గొల్లున నవ్వారు. భలే తెలివైనదయ్యా అన్నారు. నేను నా మిత్రుడి వైపు చూశాను. అతను తన ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ తల వంచుకుని ఉన్నాడు. టీ బల్ల మీద బోర్లించి పెట్టిన అతని ఫోను నాకు గుర్తొచ్చింది.

నెల తిరక్కుండా నన్ను పిలిచి, మీ పాత్ర ఇక అవసరం లేదు అని చాలా మర్యాదగా చెప్పారు. ఆ సాధనం చూసుకునే బాధ్యత నా మిత్రుడికి ఇచ్చారు.

ఆ సాయంత్రం అతన్ని టీ బడ్డీకి రమ్మన్నాను. వచ్చాడు. కూర్చోలేదు.

"వల నాది కదా బావా?" అన్నాను.

"ఆ మాటలిప్పుడెందుకు? నువ్వు సెప్పావు, నాను ఇన్నాను. ఇందులో దొంగతనం ఏటుంది?"

"రికార్డు చేస్తున్నట్టు చెప్పలేదు."

"సెప్తే నువ్వు సెప్పుదువా?"

"ఇద్దరిలో ఒకళ్ళే ఉంటారని నీకు ఎప్పటినుంచి తెలుసు?"

అతను కింద రోడ్డు మీద పోయే బస్సును చూస్తూ అన్నాడు. "మొదట్నించీ తెలుసు. మేనేజరు నన్ను పిలిసి సెప్పినాకే నిన్ను అడగడం మొదలెట్టినాను. నా సోట్లో నువ్వుంటే ఏటి సేద్దువు బావా?"

నేనేం చేసేవాణ్ణో నాకు తెలుసు. నీకు చెప్పేవాణ్ణిరా. ఆ మాట పైకి అనకుండా బల్ల వైపు తిరిగాను. రెండు టీలు చెప్పానని అప్పుడు గుర్తొచ్చింది. అతనిది అలాగే చల్లారిపోయింది.

ఇప్పుడు గోపాలపట్నంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. ఈ కోర్సు నేర్చుకుంటే ఉద్యోగం ఉంటుందా సార్ అని అడుగుతారు. ఏదో ఒకటి సర్ది చెబుతాను.

మొన్న తుపాను వచ్చి వెలిసిన మర్నాడు పొద్దున్నే అతను ఫోను చేశాడు. అన్ని నెలల్లో అదే మొదటిసారి. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.

"బాగున్నావా బావా? మీ పాప ఎలా సదువుతంది?"

అంత ద్రోహం చేసినవాడి గొంతు వినగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ ఫోను కోసమే నేను ఇన్నాళ్ళూ ఎదురుచూశానని అప్పుడు తెలిసింది.

"తప్పు నాదే బావా," అన్నాడు. "మా అయ్య కూడా నాతో మాటాడ్డం మానేసినాడు. నీ కాడికి ఒచ్చి సెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో."

"పోనీలే," అన్నాను. నిజంగానే అన్నాను. నాలో ఏదో కరిగింది.

కాసేపు వాన గురించి, వాళ్ళ పేటలో లేచిపోయిన రేకుల గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు. "తుపానుకి గేట్లు మూసేసినారు కదా. లారీలన్నీ ఆనందపురం దాకా ఆగిపోయినాయి. ఇప్పుడు గేటు తీత్తే తేదీ దాటిపోయింది, ఆళ్ళ సీటీలు సెల్లవంటంది మన ప్రోగ్రాము. ఆ ఏఐని అడిగితే ఏదేదో సెప్తంది. అదెలా అన్నది మనం టీ కాడ ఎప్పుడూ మాటాడుకోలేదు. ఓపాలి సెప్పవా?"

పాపం, రోడ్డు మీద డ్రైవర్లు తిండీ తిప్పలూ లేకుండా ఉండి ఉంటారు. పైగా అడుగుతున్నది నా బావ. చాలా తేలికైన సంగతి, ఒక్క నిమిషంలో చెప్పెయ్యొచ్చు.

"ఏముంది బావా, ముందు పాత చీటీ..."

సరిగ్గా అప్పుడే ఫోనులో ఒక ఆడగొంతు ఇంగ్లీషులో, ఈ కాల్ రికార్డు అవుతోంది అని స్పష్టంగా పలికింది.

కొత్త ఫోను కొన్నట్టున్నాడు. ఈ కొత్త వాటిలో రికార్డు నొక్కితే అవతలివాడికి కూడా వినబడుతుందని ఇన్నేళ్ళ సాఫ్ట్‌వేరు మనిషికి తెలియలేదు.

"బావా, అది..." అన్నాడు.

పెట్టేశాను. అతను చేసిందానికి కాదు నాకు భయమేసింది. ఆ ఆడగొంతు ఇంకొక్క క్షణం ఆలస్యమై ఉంటే మొత్తం చెప్పేసేవాణ్ణి.