పాండాల కోసం పాతిన వెదురు

అంతరించిపోతాయనుకున్న పాండాల సంఖ్య మళ్ళీ పెరుగుతోందని పొద్దున ఫోన్‌లో చదవగానే పచ్చి వెదురు వాసన గుర్తొచ్చింది.

నేను మూడో తరగతిలో ఉండగా, వెదురు నరికేస్తే పాండాలు ఆకలితో చచ్చిపోతాయని టీచర్ చెప్పారు. ఆ సాయంత్రమే నాన్న మామిడికాయలు కోసే వల చిక్కాలు కట్టడానికని వెదురు గడలు కొట్టుకొచ్చారు. నేను వాటిని మా రెడ్డిగూడెం మామిడితోట గట్టున పాతి, చిగురించమని ఏడుస్తూ మూడు రోజులు చెంబుతో నీళ్ళు పోశాను.

కోతకి మనుషులొచ్చిన రోజు నాన్న గడలు పీకబోతే ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

"పీకొద్దు నాన్నా! పాండాలు చచ్చిపోతాయి!"

"వేళ్ళు లేనిది ఎట్లా బతుకుద్ది తల్లీ?" అన్నారాయన, నా కళ్ళు తుడుస్తూ.

తడిమట్టి అంటిన ఆ గడలతోనే ఆ ఏడాది కాయలు కోశారు.

నిరుడు ఆయిల్ పామ్ వేద్దామని ఆ తోట కొట్టించింది నేనే. ఆ మామిడిచెట్లన్నిటికీ వేళ్ళున్నాయి.