దగ్గు ఆగిన ఆట

గని మూతపడ్డాక మేమంతా పనికోసం పొద్దున్నే బెంగళూరు రైలెక్కేవాళ్ళం. ఒళ్ళో తువ్వాలు పరుచుకుని మూడు ముక్కలాట ఆడేవాళ్ళం. ఓడినవాళ్ళు మాలూరులో టీ ఇప్పించాలి.

మాతో ఆడే పెద్దాయన గనిలో బండ తొలిచినవాడు. ఆ దుమ్ము ఆయన రొమ్ములో దగ్గై నిలిచిపోయింది. ఏ ముక్కలొచ్చినా, "నాకాడ ఏముండాదప్పా ఇంగ, అన్నీ చిల్లరవే" అనేవాడు. రాజునీ రాణినీ చూసుకుని మేం రెచ్చిపోయి పందెం పెంచేవాళ్ళం. ఆయన నిదానంగా మూడు రెండ్లు పరిచేవాడు.

ఎన్నో టీలు పోయాక కనిపెట్టాను. మంచి ముక్కలు పడితే ఊపిరి బిగబడతాడు, దగ్గు ఆగిపోతుంది. అప్పటినుంచి ఆయన దగ్గు ఆగితే చాలు, అందరం ఒక్క టీతో సరిపెట్టుకుని ముక్కలు పడేసేవాళ్ళం.

ఒకరోజు టేకల్ దాటినా ఆయన దగ్గలేదు. చేతిలో రెండు రాజులున్నా పడేశాను, మిగతావాళ్ళూ పడేశారు. ఆయన తన ముక్కలు తిప్పాడు. రెండు, అయిదు, తొమ్మిది. దేనికీ దేనితో పొత్తు లేదు.

"ముక్కల్ని కాదు, నా దగ్గును చూసి కదప్పా మీరు ఆడతా ఉండేది!" అని నవ్వాడు. ఆ నవ్వుతో, అంతసేపూ అదిమిపెట్టిన దగ్గంతా ఒక్కసారిగా విరుచుకుపడింది.

మాలూరులో ఆయన గెలిచిన టీ తెచ్చాం. రైలు కదిలినా, గ్లాసు అందుకోవడానికి దగ్గు సందివ్వలేదు.