సీసపు గీత

నా చిన్నప్పుడు మా తాతయ్య ఎవరినీ ఊరికే నమ్మేవారు కాదు. పాలు వస్తే గోటి మీద ఓ చుక్క వేసి చూసేవారు. కందిపప్పు కొంటే గుప్పెడు నీళ్లలో వేసి రంగు దిగుతుందేమో పరీక్షించేవారు. అనుమానం పెనుభూతమని నాయనమ్మ దెప్పితే, ఆ భూతమే మనింటిని కాపాడుతోందని నవ్వేవారు.

సీతాఫల్‌మండిలో మా పక్కింటి ముస్లిం పెద్దావిడను అందరం నానీ అనేవాళ్లం. ఆమెకు ఒక్కడే మనవడు. హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టు ఉద్యోగం. అప్పట్లో మా వీధి మలుపులో సాయంత్రమైతే కంపెనీ బండ్ల కోసం కుర్రాళ్లు గుంపుగా నిలబడేవారు. మనవడు క్షేమంగా తిరిగి రావాలని నానీ ప్రతి శుక్రవారం అతని తల చుట్టూ మాంసం తిప్పి, డాబా ఎక్కి గద్దలకు విసిరేది. ఆపద పోవాలని ఇచ్చే దానం, సదకా అనేది. ముక్క కింద పడకుండా గాల్లోనే అందుకునే గద్దలను చూడాలని నేను ముందే మా డాబా ఎక్కి కూర్చునేదాన్ని.

ఓ శుక్రవారం పొద్దున ఓ గద్ద మా డాబా మీదే కూలబడింది. రెక్కలు వేలాడేసింది, తల నిలపలేకపోతోంది. అంతకుముందూ ఒకటి అలాగే చచ్చింది. తాతయ్యకు వెంటనే నానీ మాంసం మీద అనుమానం వచ్చింది. కుళ్లిందో, మందు కలిసిందో అని వీధంతా వినేలా అన్నారు. ఆ శుక్రవారం నానీ డాబా ఎక్కలేదు. మనవడు బండెక్కుతుంటే దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. నాకు ఏడుపొచ్చింది.

నేరం రుజువు చేయాలని మర్నాడే తాతయ్య గద్దను అట్టపెట్టెలో పెట్టి పశువుల ఆసుపత్రికి బయలుదేరారు. నేనూ వెంటపడ్డాను. ఎక్స్‌రేలో దాని పొట్టలో తెల్లటి చుక్క కనిపించింది. గుండు అట. సీసం ఒంటికి ఎక్కింది, ఇక బతకదన్నాడు డాక్టరు. చుట్టుపక్కల ఎవరైనా ఎయిర్‌గన్ పేలుస్తారా అని అడిగాడు. మా ఇంటి వెనక ఖాళీ జాగాలో పందికొక్కులను కాల్చేది తాతయ్యే. చచ్చినవాటిని ఒంట్లో గుండుతో సహా గద్దలు ఎత్తుకుపోతే, పీడా పోయిందనుకునేవారు.

ఇంటికొచ్చి నన్ను తెల్లకాగితం తెమ్మన్నారు. డబ్బాలోంచి ఓ గుండు తీసి ఆ కాగితం మీద గీశారు. పెన్సిలుతో గీసినట్టు సీసపు గీత పడింది. తర్వాత ఆ కాగితంతోనే నానీ గుమ్మానికి వెళ్లారు.

"తప్పు నాదేనమ్మా. మీ మాంసం కాదు, నా గుండు."

"గద్ద బతికిందా భాయిసాబ్?" అని నానీ ముందు అదే అడిగింది. తాతయ్య తల అడ్డంగా ఊపారు. "జెర ఆగి అంటే అయిపోతుండె గదా. పిల్లగాడు ఇంటికొచ్చేదాక నేనెంత పరేషాన్ అయిన్నో మీకేం ఎరుక?" అంది నానీ.

మర్నాడు దుకాణంలో సీసం లేని గుండ్లు అడిగితే బంగారంలా మెరిసేవి ఇచ్చారు. తాతయ్య చాకుతో పూత గీకి కాగితం మీద రుద్దారు. మళ్లీ అదే గీత. గీత పడని ఉక్కు గుండ్లు దొరికేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. అవి వాడినా సరే, చచ్చిన పందికొక్కులను ఇక గోతిలోనే పూడ్చారు. తర్వాతి శుక్రవారం నానీ మాంసం గిన్నెను డాబా మీదికి ఆయనే మోశారు.

ఆయన అనుమానపు బుద్ధి నాకూ వచ్చింది. ఎవరి మీదైనా మాట నోటిదాకా వస్తే ఆ కాగితం గుర్తొస్తుంది. తప్పు నాదేనేమోనని ముందు నా చేతిలో ఉన్నదాన్ని గీసి చూసుకుంటాను. చాలాసార్లు గీత పడుతుంది.