నేరం కాని నంబరు

రికార్డు రూమమ్మ గారు పోయారని మొన్న వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజంతా ఏ పని చేస్తున్నా కలలో చేస్తున్నట్టే ఉంది. ఇలాంటివాళ్ళు కూడా పోతారా అని దేవుడి మీద కోపం కూడా వచ్చింది.

ఎనభైల్లో ఆవిడ గుంటూరులో ఒక ఆసుపత్రి రికార్డు గదిలో పనిచేసేవారు. ఇంటికెళ్ళే ప్రతి రోగి కేసుషీటూ ఆవిడ బల్ల మీదికే చేరేది. డాక్టరు రాసిన జబ్బు పేరు చదివి, లావుపాటి పుస్తకంలో దాని నంబరు వెతికి, షీటు మూలన వేసేవారు. కిటికీ ఎండలో దుమ్ము తేలుతుంటే నంబర్లను కూనిరాగంలా గొణుక్కునేవారు. "ఈ నంబర్లన్నీ ఊళ్ళమ్మా. ఏ రోగి ఏ ఊళ్ళో దిగాడో చూస్తుంటా" అనేవారు.

మా నాన్న మిరపయార్డులో బస్తాలు మోసేవాడు. నడుంనొప్పికని నల్లమందు మొదలుపెట్టాడు. పోనుపోను అది లేకపోతే ముక్కు కారడం, ఒళ్ళు వణకడం, కంటి మీద కునుకు పట్టకపోవడం. ఆసుపత్రిలో చేర్చిన రోజే అమ్మ తేల్చేసింది, ఈ మనిషిని మళ్ళీ ఇంట్లోకి రానివ్వనని. మా అమ్మ సంగతి మీకు తెలీదు, అన్నదంటే అన్నదే!

ఇంటికి పంపే రోజున వార్డులో ఎవడో మహానుభావుడు చెప్పాడు, షీటు మీద వేసే ఆ నంబరు నేరుగా పోలీస్ స్టేషనుకి పోతుందని. మావాళ్ళకి నంబరంటే ఖైదీ నంబరే. అమ్మ కొంగు బిగించి, నన్ను వెంటేసుకుని రికార్డు గదికి వెళ్ళింది.

"అమ్మా, మీకు పుణ్యముంటది. కడుపునొప్పని రాసెయ్యండి. ఆ నంబరు మాత్రం మా ఆయనకెయ్యొద్దు."

ఇంట్లోకి రానివ్వనన్న మనిషి కోసం ఈ బతిమాలుడేంటని నేను నోరెళ్ళబెట్టాను.

ఆవిడ స్టూలు జరిపి కూర్చోమన్నారు. "డాక్టరు గారు రాసింది నేను మార్చకూడదు తల్లీ. జబ్బుకి దొంగపేరు పెడితే రేపు సరైన మందెవరిస్తారు?" అంటూ పుస్తకం తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టారు. అమ్మకి చదువు రాదు. ఆవిడే అమ్మ వేలు పట్టుకుని చూపించారు.

"ఇదిగో, మూడు వందల నాలుగు. మీ ఆయనది ఇక్కడ. వెనక్కి తిప్పితే చక్కెర జబ్బు, ఇంకా వెనక్కెళితే క్షయ. ముందుకెళ్తే ఉబ్బసం. అన్నీ జబ్బులే. నేరాలు రాసుకునే పుస్తకం మా దగ్గర లేదు."

"జబ్బా?" అంది అమ్మ.

"జబ్బే."

"అయ్యో, జబ్బు మనిషినా నేనిన్నాళ్ళూ తిట్టిపోసింది!" అని భోరుమంది.

ఆ సాయంత్రం నాన్నని అమ్మే తీసుకొచ్చింది, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి మరీ. ఆ తర్వాతి రోజులు తేలిగ్గా గడవలేదు. నిద్ర పట్టక నాన్న తిరుగుతుంటే, వెనకాలే అమ్మా తిరిగేది. మళ్ళీ ఎక్కడ నల్లమందు వేసుకుంటాడోనని ఇద్దరం బిక్కుబిక్కుమంటూ ఉండేవాళ్ళం.

మిరపకోతలయ్యాక ఒక ఆదివారం ఆవిడ తుళ్లూరు బస్సు దిగి, మా ఊరి కల్లానికి వెతుక్కుంటూ వచ్చారు. "నంబరేశాక మనిషేమయ్యాడో మాకు తెలీదు కదమ్మా" అన్నారు. చుట్టూ ఎటు చూసినా ఎండబోసిన మిరపకాయలే. పాక నీడలో నాన్న ఒళ్ళు మరిచి పడుకుని ఉన్నాడు. ఆవిడ మొహం వాడిపోయింది.

"మళ్ళీ వేసుకున్నాడా?" అని గొంతు తగ్గించి అడిగారు.

"లేదండీ," అంది అమ్మ. చెప్తూనే నవ్వింది. "ఉత్త నిద్రేనండీ."

ఆవిడ తలమీదికి చెంగు లాక్కుని అమ్మ పక్కన ఎండలోనే కూర్చుని, నాన్న లేచేదాకా, చప్పుడు చెయ్యకుండా, తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ ఉన్నారు.