నిత్యానందం చేసిన తప్పులు

శ్యాంసన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేది శ్యాంసన్ ఒక్కడే. ఆ సంగతి ఒప్పుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు. ఎప్పుడు మాట్లాడినా వెనకాల నలభైమంది కూర్చుని కంప్యూటర్లు టకటకలాడిస్తున్నట్టే ఉంటుంది. "మావాళ్ళు చూస్తా ఉన్నారు" అంటాడు. "మా టీములో చర్చ జరుగుతా ఉంది" అంటాడు.

గిద్దలూరులో రాచర్ల రోడ్డు మీద ఒక జిరాక్సు షాపు పైగదే ఆ కంపెనీ. బల్ల ఒకటి, చక్రాల కుర్చీ ఒకటి, వచ్చినవాళ్ళకు రెండు బెంచీలు. బల్లకు ఈ కొసన 'సేల్స్' అని, ఆ కొసన 'సపోర్ట్' అని అట్టముక్కలు అంటించి ఉంటాయి. ఫోన్ రాగానే, "అది సపోర్టువాళ్ళ పని, లైన్లో ఉండండి" అని కుర్చీని ఆ కొసకు దొర్లించుకుంటాడు. దొర్లినంతసేపూ చర్చిలో పాడే పాట పల్లవి ఒకటి కూనిరాగం తీస్తాడు. అది హోల్డ్ మ్యూజిక్. ఆ తర్వాత గొంతు బొంగురు చేసుకుని, "సపోర్ట్, చెప్పండి" అంటాడు.

"అన్నా, నేను కృపారాణిని. నువ్వే కదన్నా?"

"ఆయన సేల్సమ్మా. నేను సపోర్టు."

"సరేలే అన్నా. పాట ఇంకొంచెంసేపు రానీగూడదా? ఎప్పుడూ పల్లవేనా, చరణమే రాదు."

వెంకటేశ్వర్లు గారి నీళ్ళ ట్యాంకర్ల ఆఫీసులో కృపారాణి ఫోన్లు ఎత్తుతుంది. ఎండాకాలం వచ్చిందంటే గిద్దలూరులో సగం డ్రమ్ములు ఆ ట్యాంకర్ల కోసం వాకిళ్ళలో ఎదురుచూస్తుంటాయి. ఎవరికి ఎప్పుడు నీళ్ళు కావాలో, ఏ డ్రైవరు వెళ్ళాలో చెప్పే 'నీళ్ళబండి' యాప్ శ్యాంసన్‌దే. కృపారాణి అందులో వివరాలు ఎక్కిస్తే బండి కదులుతుంది. కూలికి వెళ్ళే నాయన ఏబేలు నడుము పడిపోయి మంచం పట్టాక, ఆ ఇల్లు కూడా ఆ ఉద్యోగం మీదే కదులుతోంది.

శ్యాంసన్ సిబ్బందిలో అందరికంటే పేరుమోసినవాడు నిత్యానందం. టెస్టింగ్ సెక్షన్‌కు ఇన్‌చార్జి. ట్యాంకర్ల దగ్గర ఏం తేడా వచ్చినా "మా నిత్యానందం చూసుకోలేదు" అంటాడు శ్యాంసన్. పోనీ ఆయన్ను చూద్దామని మెట్లెక్కి వస్తే, "అయ్యో, ఇప్పుడే టీకి దిగినాడే! మెట్ల మీద ఎదురు రాలేదా?" అంటాడు.

ఈ మాటలు అందరికంటే ఎక్కువగా నమ్మింది జ్ఞానమ్మ. శ్యాంసన్ తల్లి. ఊరి నుంచి ఆటోలో పంపే క్యారియర్లో కొడుక్కు రెండు జొన్నరొట్టెలు, నిత్యానందానికి రెండు పెట్టేది. ఆ నాలుగూ తినీ తినీ శ్యాంసన్‌కు పొట్ట వచ్చింది. ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పే వేళకు ఆమె లేచి నిలబడేది. "మావాడి ఆఫీసులో నిత్యానందమని ఒక బిడ్డ ఉన్నాడయ్యా. మంచోడే గాని చెయ్యి నిలకడ లేదు. అన్నీ తప్పులే చేస్తాడు. వాని కోసం ప్రార్థన చేయండి." సంఘమంతా కళ్ళు మూసుకుని, భూమ్మీద లేని మనిషి కోసం కన్నీళ్ళతో ప్రార్థించేది. వెనక వరసలో శ్యాంసన్ చెమటలు తుడుచుకునేవాడు. కృపారాణి కొంగు నోట్లో కుక్కుకునేది.

దెబ్బలు తినడం శ్యాంసన్‌కు కొత్తకాదు. మొదట మేకల అమ్మకానికి ఒక యాప్ పెట్టాడు. ఎవరి మేక ఫొటో వాళ్ళు పెట్టాలి, దూరాన ఉన్నవాళ్ళు చూసి కొనుక్కోవాలి. ఊళ్ళో బాలయ్యకు చెవులు వేలాడే నల్ల మేకపోతు ఒకటి ఉండేది, చూడముచ్చటైనది. అందరూ దాని ఫొటోనే పెట్టారు. దర్శి నుంచి, చంద్రశేఖరపురం నుంచి వచ్చినవాళ్ళు ఏ వాకిట్లో చూసినా బక్కమేకలే కనపడి తిట్టిపోశారు. "ఆశ ఎవరికి ఉండదు? ముందే ఆలోచించకపోవడం నా తప్పు" అని శ్యాంసన్ ఆ దుకాణం కట్టేశాడు. నీళ్ళబండి మొదలెట్టాక కూడా ఒకసారి సర్వర్ గడువు పొడిగించడం మరిచిపోయి పూటంతా యాప్ ఆగిపోయింది. "నాదే తప్పు పెదనాయనా" అని వెంకటేశ్వర్లు గారితో చెప్పి, ఎండలో ట్యాంకరెక్కి, ఇంటింటికీ తనే పైపు పట్టాడు.

నిత్యానందానికి అసలు చెడ్డపేరు వచ్చింది మాత్రం సెలవు బటన్ దగ్గర. ఒక మండుటెండల రోజున 'ఈరోజు ట్యాంకర్లకు సెలవు' అని డ్రైవర్లందరికీ సమాచారం వెళ్ళింది. అందరూ హాయిగా ఇళ్ళకు వెళ్ళి పడుకున్నారు. వెంకటేశ్వర్లు గారి భార్య రంగమ్మ వాకిట్లో నిలబడి, "ఊరంతా గొంతెండి చస్తా ఉంటే సెలవిచ్చిన మహానుభావుడు యెవురు?" అని కేకలు పెట్టింది. వెంకటేశ్వర్లు గారు తన ఫోన్‌ను మెల్లిగా చొక్కా జేబులోకి తోసుకున్నారు. అది శ్యాంసన్ కంట పడింది.

"మా నిత్యానందం పని పెద్దమ్మా! ఆ బటన్ పెట్టకూడని చోట పెట్టినాడు. గట్టిగానే మందలించినా."

ఆ రోజు నుంచి ఇంట్లో మిక్సీ చెడినా రంగమ్మ నిత్యానందాన్నే తిట్టేది.

ఇలా నవ్వుకుంటూ ఉండగా పెళ్ళి వచ్చింది. వెంకటేశ్వర్లు గారి మేనల్లుడి పెళ్ళి. శనివారం మూడుగంటలకు ముహూర్తమని ఆయన కృపారాణికి చెప్పి, ఫంక్షన్ హాలుకు నీళ్ళు తోలించమన్నారు. కృపారాణి చూసిన పెళ్ళిళ్ళన్నీ చర్చిలో పట్టపగలు జరిగినవే. అది శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారమని, తెల్లవారుజాము మూడుగంటలని, చుట్టాలు శుక్రవారమే దిగుతారని ఆ పిల్లకు తట్టలేదు. నీళ్ళు శనివారం పొద్దునకు పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నానికి దర్శి నుంచి ఆడపెళ్ళివారు రెండు బస్సుల్లో దిగారు. కుళాయి తిప్పితే గాలి వచ్చింది. పెళ్ళికూతురి మేనమామ ముఖాన సబ్బు నురగతో గంటసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నీళ్ళవ్యాపారి ఇంటి పెళ్ళిలో నీళ్ళు లేవన్న మాట మార్కాపురం దాకా పాకింది.

పెళ్ళయ్యాక వెంకటేశ్వర్లు గారు ఆఫీసులో కూర్చుని శ్యాంసన్‌ను పిలిపించారు. మార్కాపురం ట్యాంకర్లవాళ్ళు ఈ యాప్ చూడటానికి వచ్చేవారమే రానున్నారు. ఆయన మాట మీదే వస్తున్నారు. అది కుదిరితే శ్యాంసన్ కంపెనీ నిలబడుతుంది. లేకపోతే మేకల యాప్ పక్కన పడుకుంటుంది.

"ఎవురి తప్పబ్బా ఇది? నాకు పేరు కావాల. ఆ మనిషి రేపటి నుంచి పనిలో ఉండగూడదు."

కృపారాణి తల దించుకుంది. శ్యాంసన్ కంప్యూటర్ తెర మీద శనివారం పొద్దునకు ఎక్కించిన పెళ్ళినీళ్ళ బుకింగు చూశాడు. ఆ పిల్ల ముఖం చూశాడు.

"మా నిత్యానందం పెదనాయనా. రాత్రి ముహూర్తాలకు ముందురోజే నీళ్ళు పోవాలని యాప్‌కు నేర్పలేదు."

"మళ్ళీ వాడేనా! వాణ్ణి తీసెయ్. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. అప్పుడే మార్కాపురం మాట మాట్లాడదాం."

ఎంత సులభం! లేని మనిషిని తీసేయడానికి ఒక్క మాట చాలు. కృపారాణి శ్యాంసన్ ఫోన్ వైపు చూసింది. శ్యాంసన్ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"తీసెయ్యలేను పెదనాయనా. సంసారం ఉన్నోడు. ఒక్క తప్పుకు మనిషిని తీసేస్తే ఎట్ల?"

"అయితే నీ యాప్ కూడా నాకొద్దు, పో!"

కృపారాణి వెనకాలే వీధిలోకి పరిగెత్తింది. "అన్నా, నీకేమన్నా పిచ్చా? లేనోణ్ణి తీసేసినానని చెప్పేదానికి ఏమైంది?"

"ఈరోజు వాణ్ణి తీసేస్తే రేపటి నుంచి తప్పులు ఎవురు మోస్తారమ్మా?" అన్నాడు శ్యాంసన్. "బెంగళూరులో నేనొక తప్పు చేసినా. పొద్దున తప్పు, సాయంత్రానికి ఉద్యోగం లేదు. పోనీలే, చూసుకుందామనేవాడు ఒక్కడున్నా బాగుండునని అనిపించింది. అట్లాంటోడు యాడా దొరకలే. అందుకే సొంతంగా కంపెనీ పెట్టినప్పుడు ముందు వాణ్ణే చేర్చుకున్నా."

ఆ ఆదివారం చర్చిలో జ్ఞానమ్మ లేచింది. "నిత్యానందం ఉద్యోగం పోయేట్టుందయ్యా. ప్రార్థన చేయండి" అంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. కృపారాణికి ఈసారి నవ్వు రాలేదు. మేకలప్పుడు 'నా తప్పు' అన్నాడు. సర్వర్ ఆగినప్పుడు 'నాదే తప్పు' అన్నాడు. తన తప్పు ఒక్కటి కూడా శ్యాంసన్ నిత్యానందం నెత్తిన వెయ్యలేదు. ఆ నెత్తిన ఉన్నవన్నీ పక్కవాళ్ళవే. ఇన్నాళ్ళూ ఈయన్ను చూసి నవ్వినందుకు ఆమెకు సిగ్గేసింది. సంఘమంతా ప్రార్థిస్తున్నది తన ఉద్యోగం కోసమేనని తెలిసి ఏడుపూ వచ్చింది.

మర్నాడు ఆఫీసు తెరవగానే వెంకటేశ్వర్లు గారి ముందు నిలబడింది.

"పెదనాయనా, పెళ్ళినీళ్ళ తప్పు నాది. ముహూర్తం రాత్రిపూటని నాకు తెలీలా."

"మరి నిత్యానందం?"

"అట్లాంటి మనిషే లేడు పెదనాయనా."

ఆయన లోపల రంగమ్మ ఎక్కడుందో తొంగిచూసి, గొంతు తగ్గించారు.

"సెలవు బటన్ నొక్కింది నేనేనమ్మా. ఆ పిల్లోడు అట్ల చెప్పేసరికి, నా చేత్తో నేను నొక్కి, నిత్యానందమే చేసినాడని నేనూ నమ్మేసినా. మీ పెద్దమ్మకు చెప్పమాక."

"నా ఉద్యోగం..."

"ముందు ఆ ఫోనెత్తు. అప్పట్నుంచీ మోగతా ఉంది."

యాప్ వద్దన్న మాట వెంకటేశ్వర్లు గారు వెనక్కి తీసుకున్నారు. మార్కాపురంవాళ్ళు అనుకున్నరోజే వచ్చారు. వాళ్ళతో పాటు వెంకటేశ్వర్లు గారు, కృపారాణి కూడా శ్యాంసన్ గదికి మెట్లెక్కారు. శ్యాంసన్ చేతులు తుడుచుకుని, తెల్లగోడ మీద వెలుగు పడేట్టు ప్రొజెక్టరు సర్ది, బటన్ నొక్కాడు. గోడంత ఎత్తున, చెవులు వేలాడేసుకుని, బాలయ్య నల్లపోతు ప్రత్యక్షమైంది.

శ్యాంసన్ గబగబా ప్రొజెక్టరుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "పాత ఫైలు తెరిచినట్టున్నా. ఇది నా త..."

"ఆగబ్బా!" వెంకటేశ్వర్లు గారు అడ్డం పడ్డారు. "నీదేం కాదు. ఇది నిత్యానందం పని."

"నిత్యానందం ఎవరు?" అన్నాడు మార్కాపురం పెద్దమనిషి నరేంద్ర.

"వీళ్ళ టెస్టింగ్ ఇన్‌చార్జి. తప్పులు చేస్తాడు గాని, అట్లాంటి మనిషి ప్రతి ఆఫీసులో ఒకడు ఉండాల."

"యాడ, కనపడడే?"

కృపారాణి తడుముకోలేదు. "అయ్యో, ఇప్పుడే టీకి దిగినాడన్నా! మెట్ల మీద ఎదురు రాలేదా?"

నరేంద్ర ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆఁ, తెల్లచొక్కా ఆయనేనా? పాపం, మంచోని మాదిరే ఉన్నాడు. సరే, మీ నీళ్ళబండి చూపించండి. మా ట్యాంకర్లకు ఎప్పటి నుంచి పెడతారు?"

"ఆ సంగతి మా సపోర్టువాళ్ళు చెప్తారు, లైన్లో ఉండండి" అన్నాడు శ్యాంసన్. చక్రాల కుర్చీని బల్ల ఆ కొసకు మెల్లగా, చాలా మెల్లగా దొర్లించుకుంటూ పాట ఎత్తుకున్నాడు. ఈసారి కృపారాణికి చరణం కూడా వినిపించింది.