మా అత్త తొట్టి పారబోసిన రోజు

మాది కడప పక్క. డోన్ దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చిన కొత్తలో ఆ ఊళ్లో నాకు మింగుడు పడనిది నీళ్ల సంగతి ఒక్కటే. కొళాయి మూడు నాలుగు రోజులకొకసారి వచ్చేది. వచ్చిన రోజు వీధంతా పెళ్లి సందడి. బిందెలు, డ్రమ్ములు, పాత పెయింటు డబ్బాలు, ఆఖరికి అన్నం వండే తపేలాలు కూడా నింపుకుని, నీళ్లు ఆగిపోయాక ఎవరికెన్ని దొరికాయోనని ఒకరి పెరట్లోకి ఒకరు తొంగి చూసుకునేవాళ్లు. మా పెరడు తొంగి చూడకపోయినా అందరికీ తెలుసు. నాపరాళ్లు నిలబెట్టి సిమెంటుతో అతికిన పెద్ద తొట్టి మాది. పక్కన నిలబడితే నా నడుము దాకా వచ్చేది. ఎండాకాలంలో ఊరంతా నోరెండిపోయినా అందులో నీళ్లు తళతళలాడేవి. ఆ తొట్టికి మా అత్త చేసే కాపలా బ్యాంకుకు కూడా ఉండదు.

కాపురానికి వచ్చిన వారంలోనే ఆ తొట్టి తోముదామనుకున్నాను. కొత్త కోడలిని కదా, కాస్త మంచిపేరు వస్తుందని ఆశ. కొబ్బరిపీచు పట్టుకుని వెళ్లి, తొట్టి అడుగున ఉన్న తూముకు కుక్కిన గుడ్డ మీద చెయ్యి వేశానో లేదో, వంటింట్లోంచి కేక వినిపించింది.

"అమ్మాయ్! ముట్టొద్దు! ఆ గుడ్డ ముట్టొద్దు!"

మా అత్త పరుగున వచ్చి తొట్టికీ నాకూ మధ్య నిలబడింది. ఆమె చేతికి జొన్నపిండి అట్లాగే ఉంది.

"తోముతాండా అత్తా, అంతే" అన్నాను.

"పైపైన తోముకో. అడుగంటా తోడగూడదు. నిండిన తొట్టి ఇంటికి లచ్చిమి."

అడుగున ఏముందో నీకైనా తెలుసా అని అడగబోయి ఆ మాటను మింగేశాను. అప్పటి నుంచి నేనూ అందరిలాగే కొళాయి వచ్చినప్పుడల్లా పాత నీళ్ల మీదే కొత్త నీళ్లు పట్టేదాన్ని. అత్త మీది కోపం దుత్త మీద చూపుతారంటారు. మా ఇంట్లో ఆ దుత్తను ముట్టుకునే యోగం కూడా లేదు కాబట్టి నా కోపమంతా అంట్లగిన్నెల మీద పోయేది. గిన్నెలు మాత్రం అద్దాల్లా మెరిసేవి.

మా అత్తకు శుభ్రం పిచ్చి. పెరట్లో ఎండుటాకు కనపడితే చాలు, చీపురు పట్టుకుని దాని వంశం మొత్తాన్ని తిట్టేది. దోమలు మురుగున్న ఇళ్లకు పోతాయని, మనింటికి రావని ఆమె ధీమా. వచ్చి కుడుతున్నాయి కదా అంటే, అవి పక్కింటి దోమలు, ఊరికే చూసిపోను వచ్చినాయి అనేది.

మా ఆయన లారీ తోలుతాడు. బేతంచెర్లలో నాపరాళ్లు వేసుకుని ఎక్కడెక్కడికో వెళ్తాడు. ఒక వానాకాలం మన్యం వైపు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు జ్వరం కూడా ఎక్కించుకుని వచ్చాడు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు వేసుకుని, కాస్త తగ్గగానే మళ్లీ బండెక్కేశాడు. పరీక్ష చేయించుకోమంటే, "ఇంజను వేడెక్కింది, సల్లారింది. దానికి పరీచ్చ ఏముంది?" అన్నాడు. లారీవాళ్లకు ఒంట్లో ఉన్నవన్నీ ఇంజన్లే.

కొన్నాళ్లకు నాకు మొదలైంది. అప్పుడు నేను అయిదో నెల గర్భిణిని. మధ్యాహ్నం రొట్టెలు కాలుస్తుంటే పొయ్యి ముందే చలి పుట్టింది. డోన్ ఎండల్లో చలేమిటని మొదట నవ్వాను. నవ్వు సగంలో ఉండగానే పళ్లు టకటకా కొట్టుకున్నాయి. మా అత్త ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ, పైన మామగారి పాత గొంగడీ కప్పింది. అయినా మంచం కోళ్లు ఊగిపోయాయి. తర్వాత ఒళ్లు పెనంలా కాలింది. ఆ తర్వాత చెమట పట్టి దుప్పటి పిండితే నీళ్లు కారేట్టు తడిసింది. మా అత్త ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. మరుసటి రోజు నాకు ఏమీ లేదు. సంగటి ముద్ద పూర్తిగా తిన్నాను. "సూసినావా నా సెయ్యి!" అని ఆమె వీధంతా చెప్పుకుంది. ఆ పక్కరోజు సరిగ్గా అదే వేళకు చలి మళ్లీ వచ్చింది.

ఇక లాభం లేదని మా అత్తే వెళ్లి నర్సమ్మను పిలుచుకొచ్చింది. మా ఊరికి వచ్చే నర్సమ్మ వయసులో చిన్నది. ఊళ్లో కుక్కలకు భయపడదు కానీ మా అత్తకు భయపడేది. నా వేలు గుచ్చి రక్తపు చుక్కను చిన్న పరీక్ష పట్టీ మీద వేసి, గీత కనపడేదాకా చూసి, మెల్లగా అంది.

"మలేరియా పెద్దమ్మా. మనోళ్లు సలిజరం అంటారే, అది."

"మా ఇంట్లోనా? మురుగు యాడుండాది ఈడ? సూపియ్యి!" అని మా అత్త లేచింది. నర్సమ్మ ఇంకా ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఈమే తడుముకుంది.

నర్సమ్మ నేరుగా తొట్టి దగ్గరికి వెళ్లి తెల్లటి ప్లాస్టిక్ గిన్నెతో పైనీళ్లు ముంచింది. గిన్నెలో సన్నటి పురుగులు నీటిమట్టానికి అంటుకుని అడ్డంగా పడుకుని ఉన్నాయి. కదిలిస్తే చటుక్కున జరుగుతున్నాయి. వాటిని మేం రోజూ చూసేవాళ్లం. పురుగు బతికే నీళ్లే మంచి నీళ్లని మా అత్త సూత్రం.

"ఇవి దోమపిల్లలు పెద్దమ్మా. ఈ దోమ మురుగులో పెట్టదు గుడ్లు. మీ తొట్టి నీళ్లంత తేటగా ఉండల్ల దానికి."

తనను పొగిడారో తిట్టారో మా అత్తకు వెంటనే తేలలేదు. ఆ చలిలో కూడా నాకు నవ్వాగలేదు.

నర్సమ్మ మిగతాది విడమరిచి చెప్పింది. మన్యం నుంచి మా ఆయన తెచ్చిన జ్వరం ఆయన రక్తంలోనే ఉండి ఉంటుంది. మా తొట్టిలో పుట్టిన దోమ ఆయన్ను కుట్టి, కొన్నాళ్లకు నన్ను కుట్టింది. ఆయన్ను కూడా పరీక్ష చేయాలి, నేను దోమతెర కట్టుకుని పడుకోవాలి. వారానికొకసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి, గోడలు రుద్ది, ఎండబెట్టాలి. "శుక్రవారం పెట్టుకుంటే గుర్తుంటాది" అని ముగించింది.

"శుక్రవారమా!" అంది మా అత్త. నర్సమ్మ సంచి సర్దుకుని బయటపడింది.

డోన్ ఆస్పత్రిలో డాక్టరు మాత్రలిచ్చాడు. ఈ రకం జ్వరం కాలేయంలో దాక్కుని మళ్లీ లేస్తుందట. దాన్ని అక్కడి నుంచి వెళ్లగొట్టే మందు కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వకూడదట. కాన్పు దాకా కనిపెట్టుకుని ఉండండి, కొత్తగా దోమకాటు మాత్రం పడనివ్వకండి, మాటిమాటికీ జ్వరం వస్తే బిడ్డకు మంచిది కాదు అన్నాడు. మా అత్త ఆ మాట విని తలాడించింది. ఇంటికి రాగానే దోమతెర కట్టింది. తొట్టిని మాత్రం ముట్టుకోలేదు. పాత చీరముక్క పట్టుకుని రోజూ పొద్దున్నే పైనీళ్లు వడగట్టి పురుగుల్ని ఏరేది. మరుసటి రోజుకు అవి మళ్లీ సిద్ధం. ఆమె తిట్లకు సిగ్గుపడి ఉంటే ఏనాడో ఊరొదిలి పోయేవి.

ఒక పొద్దున నాకు ఒళ్లు మండింది. "అత్తా, నీకు ఈ తొట్టి ఎక్కువా, నేనెక్కువా?" అని అడిగేశాను.

ఆమె ఎదురు చెప్తుందని నడుం బిగించుకున్నాను. ఆమె చీరముక్క పిండి గట్టు మీద ఆరేసి, అక్కడే కూలబడింది.

"ఈ తొట్టి అడుగు నేను రెండుసార్లే సూసినా మే" అంది. "మా అత్త పోయినపుడొకసారి. మీ మామ పోయినపుడొకసారి. మనిసి పోతే ఇంట్లో నీళ్లన్నీ పారబోయల్ల గదా. ఆ పొద్దు ఈ సేత్తోనే గుడ్డ పీకినా. నీళ్లు పోతాంటే ఆయప్ప పోతాండినట్టే ఉండె. ఇప్పుడు నువ్వు కడుపుతో జరం పడి ఉండావు. నువ్వుండంగ ఈ తొట్టి ఎట్ల ఎండబెట్టల్ల? సావును పిల్సినట్లు కాదా?"

ఇన్నాళ్లూ ఆమెది మొండితనం అనుకున్నాను. ఆమెది భయం. అదీ నా గురించి. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమె పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. తర్వాత ఇద్దరం కలిసి పురుగులు ఏరాం. ఏం చేస్తాం మరి.

నాలుగైదు వారాలకు జ్వరం మళ్లీ లేచింది. లోపల దాక్కున్నదో, కొత్త దోమ తెచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ మధ్యాహ్నం వణుకు తగ్గాక, కడుపులో బిడ్డ కదలడం లేదనిపించింది. మా అత్తకు చెప్పాను. ఆమె నా పొట్ట మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. ఎంతసేపు కూర్చుందో. జన్మలో నేను అంత భయపడలేదు. చివరికి లోపలి నుంచి చిన్న తన్ను తగిలింది. మా అత్త కళ్లు తెరిచి, "ఉండాది, ఉండాది, నీ మాదిరే కోపంగా ఉండాది" అని నవ్వుతూ ముక్కు చీదింది. వెంటనే ఆటో పిలిపించి ఆస్పత్రికి తీసుకెళ్లింది. మళ్లీ మందులిచ్చారు. బిడ్డ బాగుందన్నారు.

మరుసటి రోజు నేను మంచం మీద ఉండగానే పెరట్లోంచి దబదబ నీళ్ల చప్పుడు వినిపించింది. కొళాయి వచ్చిందేమో అనుకున్నాను. శాలువా కప్పుకుని లేచి చూద్దును కదా, మా అత్త చీర ఎగదోపి తొట్టి ముందు నిలబడి ఉంది. తూము గుడ్డ ఆమె చేతిలో ఉంది. నీళ్లు పెరడు దాటి వీధి కాలువలోకి పోతున్నాయి.

మా ఊళ్లో అన్ని నీళ్లు వీధిన పడితే దానికి ఒకటే అర్థం. ముందు ఎదురింటామె పరుగెత్తుకొచ్చింది, చీర కొంగు నోట్లో కుక్కుకుని. వెనక ఇంకో నలుగురు వచ్చారు. అందులో ఒకామె గడప దగ్గరే "ఎంత పనాయెనే తల్లీ, బిడ్డను సూసుకోకుండనే పోతివా" అని రాగం అందుకుంది. పక్కింటాయన భుజాన తువ్వాలు వేసుకుని, పాడెకు వెదురు ఎవరింట్లో ఉందో ఆలోచిస్తున్న ముఖంతో అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు నేను వాకిట్లోకి వచ్చాను. రాగం మధ్యలో తెగింది.

"నేను బాగానే ఉండా" అన్నాను.

అంతలో నా ఫోను మోగింది. పోయింది ఎవరో చెప్పకుండా, ఉన్నపళంగా బయల్దేరమని ఎవరో పుణ్యాత్ములు అప్పుడే మా ఆయనకు ఫోను చేశారట.

"నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

"అయితే అమ్మ...?"

"అమ్మ తొట్టి తోముతాంది."

"మరి పోయిందెవురు?"

"దోమలు" అన్నాను. ఆయన ఏడ్చాడో నవ్వాడో ఇప్పటికీ చెప్పడు.

పెరట్లో ఆడవాళ్లు మా అత్తను చుట్టుముట్టారు. మనుషులుండగా తొట్టి పారబోస్తావా, నీకేమన్నా పిచ్చా అన్నారు. ఆమె కొబ్బరిపీచుతో గోడలు రుద్దడం ఆపలేదు.

"పోయినాక పారబోస్తే ఎవురు తిరిగొచ్చిరి?" అంది. "ఎవురూ పోకుండా ఉండల్లనే ఇప్పుడు పారబోస్తాండా. నిలబడి సూసే బదులు మీరు గూడ ఇంటికిపోయి పారబోసుకోండి."

రాగం తీసినామె మొట్టమొదట వెళ్లి తన డ్రమ్ము బోర్లించింది. పాపం, సగంలో ఆగిన ఏడుపును ఎక్కడో ఒకచోట పారబోయాలి కదా.

పరీక్షకు దొరక్కుండా ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగి ఆ సాయంత్రం ఇల్లు చేరిన మా ఆయనకు నర్సమ్మ వేలు గుచ్చితే ఆయనకూ గీత కనపడింది. ఆస్పత్రిలో రెండు వారాల మాత్రలిచ్చారు. ఇంజను చల్లారిందని ఆయన గొణిగాడు. మా అత్త ఆయన్ను లారీ ఎక్కనివ్వలేదు. రోజూ ముందు నిలబడి మింగించి, "నోరు తెరువు, నాలిక ఎత్తు" అని చూసేది. మూడ్రోజులకే ఆయన తనంతట తానే నాలుక ఎత్తడం నేర్చుకున్నాడు.

దోమకు వారాలు తెలియవు, ఏ రోజైనా ఒకటేనని నర్సమ్మ చెప్పడంతో మా అత్త గురువారం ఎంచుకుంది. ఆ తర్వాత ఒక్క చుక్క వీధిన పోనివ్వలేదు. కొంత బర్రెకు, కొంత మునగచెట్టుకు, మిగిలింది దుప్పట్లు ఉతకడానికి. శుక్రవారం పొద్దున తొట్టికి పసుపూ కుంకుమా పెట్టి కొత్త నీళ్లు పడుతుంది. ఆ పొద్దున నీళ్లు వదలకపోతే, ఊరికి కొళాయి తిప్పే నీళ్లాయన ఇంటి ముందుకే వెళ్లి కూర్చుంటుంది. ఆయనకు ఇప్పుడు శుక్రవారమంటే పెద్ద పండగ.

నాకు నెలలు నిండాక కూతురు పుట్టింది. ఇప్పుడది అంగన్‌వాడీకి వెళ్తోంది. మొన్న గురువారం పెరట్లోకి వెళ్తే, ఎండిన తొట్టి అడుగున కాళ్లు చాపుకుని కూర్చుని రొట్టె తింటోంది. మా అత్త గట్టు మీద కూర్చుని బెల్లం ముక్కలు తుంచి అందిస్తోంది. నాకు ఆమెను ఆటపట్టించాలనిపించింది.

"ఏమత్తా, నిండిన తొట్టే లచ్చిమి అంటివి గదా? మరి ఇప్పుడు కాలీగా పెట్టుకుని కూసుండావే?"

మా అత్త తొట్టిలోకి వంగి, మనవరాలి మూతికంటిన బెల్లం తుడిచింది.

"కాలీ యాడుండాది మే? సరిగ్గా సూడు" అంది.