చెంబెడు నీళ్ళ పరీక్ష

టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్.

వెదురు తడిక వెనక ఎవరో వక్క కత్తిరిస్తున్నారు. ఇల్లు అడగడానికి వచ్చి ఎండలో నిలబడినవాడికి ముందు ఆ చప్పుడు వినబడుతుంది. మనిషి తరవాత కనబడతాడు. ఆ మధ్య నిమిషాలు ఊరికే పోవు. తడిక సందుల్లోంచి ఆయన మన చెప్పులు చూస్తుంటాడు, చొక్కా కాలరు చూస్తుంటాడు, వెంట వచ్చిన ఆడమనిషి మెడ చూస్తుంటాడు. చూడటం అయ్యాక తడిక పైకి లేస్తుంది. చేతిలో అడకత్తెర, ముఖం మీద నవ్వు, దామోదరం.

ముప్పై ఏళ్ళు ఆయన చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా చేశాడు. అచ్చు మూల గిల్లి నాలిక మీద వేసుకుని అది ఏ ఊరి బెల్లమో చెప్పేవాడట. ఆ సంగతి నాకు చెప్పింది ఆయనే, ఇంకెవరూ చెప్పగా వినలేదు. మండీ మానేశాక తిరుపతిలో ఒక సందులో నాలుగు పోర్షన్ల ఇల్లు కట్టాడు. సాయంకాలం కొండ మీది చల్లగాలి దిగివచ్చి నాలుగు గుమ్మాల్లోనూ ఒకేలా దూరేది. గాలికి ఎవరినీ ఏమీ అడగాలని తోచదు.

దామోదరానికి తోచేది. ఊరు, ఉద్యోగం, పిల్లలెందరు, నీసు తింటారా, ఇవన్నీ పైపై ప్రశ్నలు. అసలు ప్రశ్న నోటితో అడిగేవాడు కాదు. "ఎండన పడి వచ్చినారు, దప్పిక తీర్చుకోండి" అంటూ ఇత్తడి చెంబు నిండా నీళ్ళు తెచ్చేవాడు. గ్లాసు ఇచ్చేవాడు కాదు. చెంబు పైకెత్తి, పెదవి తగలకుండా గొంతులో పోసుకుంటే ఆచారం తెలిసిన ఇంటి మనిషి. అంచుకు మూతి పెడితే కాదు. నెగ్గినవాళ్ళను ఇక కులం, గోత్రం అడిగేవాడు కాదు. అది అమర్యాదని ఆయన నమ్మకం. ఓడినవాళ్ళకు మాత్రం, సూళ్ళూరుపేట నుంచి అల్లుడు కాపురానికి వస్తున్నాడని, ఇల్లు లేదని చెప్పేవాడు. ఆయనకు కూతుళ్ళే లేరు. ఆ లేని అల్లుడు నేనున్న రెండేళ్ళలో పదకొండుసార్లు బయలుదేరాడు. ఒక్కసారీ చేరలేదు.

నేను మొదటి పోర్షన్‌లో ఉండేవాణ్ణి, కాలేజీలో పని. నేనూ ఆ చెంబు ఎత్తి తాగే లోపలికి వచ్చాను. సగం నీళ్ళు చొక్కా మీద పడ్డా నెగ్గాను.

ఎనభై ఒకటి వేసవిలో చివరి పోర్షన్ ఖాళీ అయింది. ఒక మధ్యాహ్నం నిర్మలమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆసుపత్రిలో నర్సు, పలమనేరు నుంచి బదిలీ.

"మాయమ్మ కాలికి కట్టు కట్టినారు సార్, మెట్లెక్కలేదు. సత్రంలో మూడు దినాలే ఉండనిస్తారు, రేపటితో సరి. ఇల్లు దొరక్కపోతే ఆమెను పల్లెకు పంపేయాల. ఆడ చూసేదానికి ఎవురూ లేరు."

"తొందరెందుకమ్మా? ముందు దప్పిక తీర్చుకో" అన్నాడు దామోదరం.

నేను మా గడపలో పేపరు చదువుతూ చూశాను. ఆమె రెండు చేతులా చెంబు అందుకుని ముఖానికి జానెడు ఎత్తున పట్టుకుంది. ఎండలో ఒక వెండి పోగు వంగి ఆమె గొంతులోకి దిగింది. గడ్డం తడవలేదు. నేల మీద ఒక్క చుక్క రాలలేదు.

దామోదరం ముఖం విప్పారింది. "చూసినారా సార్? పుట్టుక యాడికి పోతాది!" అని నా వైపు తిరిగాడు. తరవాత ఆమెను అడిగాడు. "మీయమ్మ పేరేమమ్మా?"

"తిరుమలమ్మ."

"స్వామి పేరు! ఇంకేం కావాల?" అక్కడికక్కడే తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

మరునాడూ నేను గడపలో పేపరుతో ఉండగానే రిక్షా వచ్చింది. అందులో ఒక ట్రంకుపెట్టె, కిరసనాయిలు స్టవ్వు, కట్టు కాలు చాపుకుని ఒక ముసలామె. నిర్మలమ్మ తల్లిని వసారా మెట్టు మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి ఊడవడం మొదలుపెట్టింది. దామోదరం అడకత్తెర ఆడిస్తూ కులాసాగా పక్కన చేరాడు.

"ఏ ఊరవ్వా మీది?"

"పలమనేరు కాడ పల్లె సామీ."

"ఆ తట్టు బండ్లన్నీ మా మండీకి వచ్చేటివే. ఊర్లో ఏ వీధి? నాకు తెలీనోళ్ళు ఉండరు."

ముసలామె నవ్వింది. "మాకు వీధి యాడిది సామీ? ఊరు దాటినాక వంక. వంక దాటినాక మేము."

అడకత్తెర ఆగిపోయింది. బెల్లంలో రాయి తగిలినవాడిలా ముఖం పెట్టి దామోదరం లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా నర్సమ్మా, తాళంచెవి ఇట్లా ఇచ్చేయ్. మా అల్లుడు వస్తా ఉండాడు. టెలిగ్రాం వచ్చింది."

నిర్మలమ్మ చీపురుతోనే బయటికి వచ్చింది. తల్లి ముఖం చూసింది, అర్థమైంది. "నిన్న నీళ్ళిచ్చి చూసినారు గదా సార్. బాగుండాదనే గదా తాళమిచ్చినారు?"

"మోసం చేసినావు నన్ను. యాడ నేర్చినావు అట్లా తాగేది?"

"బళ్ళో కుండ కాడ అయివారు ఎత్తునించి పోసేవాడు. గలాసుకు మూతి తగిలితే బెత్తం తీసేవాడు. అందుకని మాయవ్వ ఇంట్లో చెంబు పెట్టి నేర్పింది, చుక్క కింద పడకుండా. మీకెవురు నేర్పినారో నాకు తెలీదు."

"నోరు చూడు దీనికి!"

ఆమె ఒకసారి మా గడప వైపు చూసింది. నేను పేపరు మడిచాను. మళ్ళీ విప్పాను. తిరుపతిలో ఇల్లు దొరకడం నాకూ కష్టమే.

"పా పాపా" అంది ముసలామె. "మనం ఉండేదానికి ఇది ఇల్లు మాదిరి లేదులే. అంగడి మాదిరి ఉండాది."

రిక్షా కదిలింది. రెండు రోజులకోసారి కొళాయి వచ్చే ఆ సందులో, రెండు బిందెల నీళ్ళు మోసుకొచ్చి దామోదరం స్వయంగా మెట్టు కడిగాడు. నీళ్ళు సందంతా పారాయి. వాటిలో ఆకాశం కాసేపు శుభ్రంగా కనబడింది. ఆయన ముఖం మాత్రం వంగినప్పుడల్లా ముక్కలయింది.

తిరుమలమ్మను ఆ సాయంత్రమే పల్లె బస్సెక్కించారని తరవాత ఆసుపత్రిలో విన్నాను. కట్టు మార్పించాల్సిన రోజుకు ఆమెను తీసుకొచ్చేవాళ్ళు లేకపోయారు. కాలు వంకరగానే అతికింది. చివరి పోర్షన్ నాలుగు నెలలు ఖాళీగా ఉంది. ఖాళీ గదికి రోజూ దీపం పెట్టి, ఇల్లు పవిత్రంగా ఉందని మురిసిపోయేవాడు దామోదరం. పాపం, తన మైల తనకు అంటదనుకున్నాడు.

మరుసటి ఏడు నాకు చిత్తూరు బదిలీ అయింది. సామాను రిక్షాకెక్కించిన పొద్దున ఆయన సందు చివరిదాకా వచ్చాడు. కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. అంత అల్పుడి కన్నీళ్ళు కూడా ఉప్పగానే ఉంటాయేమో, ప్రకృతికి వివేకం తక్కువ. రిక్షా కమ్మీ పట్టుకుని అన్నాడు.

"మీ మాదిరి మనిషి మళ్ళీ నాకు యాడ దొరుకుతాడు సార్? ఆ పొద్దు ఇంటి ముందర అంత గలాటా జరిగింది. గడపలోనే కూర్చోని అంతా చూస్తా ఉండి కూడా ఒక్క మాట మాట్లాడలేదు మీరు. బాడుగకు అట్లాంటోళ్ళే కావాల. ఎవురన్నా తెలిసినోళ్ళుంటే పంపించండి."